రెండు లేబుళ్ళు, ఒకే ట్యాంకరు

శనివారం సాయంత్రం పోలరాజు, నాగేంద్రబాబు ఒకే స్కూటర్ మీద సాక్చి బజారుకి వెళ్ళారు. ఆ వెళ్ళడం చూసినవాళ్ళు వీళ్ళిద్దరూ ఒక తల్లి కడుపున పుట్టారనే అనుకుంటారు. వెనక కూర్చున్న నాగేంద్రబాబు భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతుంటే, పోలరాజు హ్యాండిల్ వదిలేసేంతగా నవ్వుతున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం స్కూటర్ మీద పోలరాజు ఒక్కడే ఉన్నాడు. కాళ్ళ మధ్య సంచి, సంచిలో సీసా. మొహం కందగడ్డలా ఉంది.

శైలజ అప్పుడు రేపటి ముగ్గు కోసం గుమ్మం ముందు కడుగుతోంది. జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో ఆ సందు ఎంత సన్నమంటే, ఒకరింటి ముందు పోసిన నీళ్ళు ఎదురింటి గడప తడుపుతాయి.

"మావయ్యేరీ నాన్నా?"

"ఏ మావయ్య? మనకి మావయ్యలెవులూ నేరు."

"పొద్దున్నించీ బావా బావా అని చంపేసినావు కదరా," అంది లోపలినుంచి దాలమ్మ. ఆవిడ పోలరాజు తల్లి. కంటి చూపు తగ్గింది గాని చెవులు మాత్రం పక్కింటి మాటలు కూడా వదలవు.

"నైట్ మెయిల్ తాగేవోడు నాకు బావేటమ్మా?" అని పోలరాజు సీసా తీసి బల్ల మీద ఠంగున పెట్టాడు. అది హవేలీదార్ విస్కీ.

శైలజ చేతిలో చెంబు కింద పెట్టి సీసా వైపు చూసింది. రేపు ఆదివారం. రేపు ఈ ఇంట్లో తన మాట కలుపుకోవాలి.

శ్రీకాకుళం వైపు నుంచి స్టీలు ప్లాంటు పనికీ, రైల్వే పనికీ వచ్చి ఇక్కడే ఉండిపోయిన వీళ్ళ కుటుంబాల్లో మాట కలుపుకోవడానికి ఒక పద్ధతుంది. పిల్ల తండ్రీ పిల్లాడి తండ్రీ కలిసి వెళ్ళి ఒక సీసా కొనాలి. ఆ సీసాలోంచి ముందుగా రెండిళ్ళలో పోయిన పెద్దల పేరు చెప్పి మూతెడు మూతెడు నేల మీద పోయాలి. తర్వాత తండ్రులిద్దరూ ఒకే గ్లాసులోంచి చెరో గుక్క తాగాలి. అదయ్యాకే ఆడవాళ్ళు పసుపూ కుంకుమా తీస్తారు. గుక్క దిగకపోతే సంబంధం కుదరనట్టే. ఊళ్ళో ఉన్న రోజుల్లో అది కల్లు. కల్లుకి పేరూ లేదు, లేబులూ లేదు, కాబట్టి తగువూ లేదు. జంషెడ్‌పూర్ వచ్చాక అది విస్కీ అయింది.

"అసలేటయింది?" అని అడిగింది శైలజ తల్లి పద్మకుమారి, చేతిలో పిండితోనే వచ్చి.

"ఏటవుద్ది? షాపోడు ఏది కావాలన్నాడు. నేను హవేలీదార్ అన్నాను, ఆయన నైట్ మెయిల్ అన్నాడు. ఇద్దరం ఒకేపాలి అన్నాం. సరే, పెద్దోడు కదా, నచ్చజెప్పుదామని సూసినాను. మా నాన్న ప్లాంటు కోక్ ఓవెన్ బట్టీలో ఒళ్ళు కాల్చుకుని పనిచేసీవోడు బావా, జీతం రోజున ఈ హవేలీదారే తెచ్చుకునీవోడు, ఆయనకి ఏరే మందు ఎలగ పొయ్యమంటావు అన్నాను. దానికి ఆయనేటన్నాడో తెలుసా? ఆ రంగునీళ్ళు మా నాన్నకి పోత్తే పైనుంచి దిగొచ్చి నా చెవి మెలేత్తాడు అన్నాడు."

"నువ్వేటన్నావు?" అంది దాలమ్మ.

"నైట్ మెయిల్ పోత్తే మా నాన్న అసలు దిగడు, పైనుంచే ఉమ్ముతాడు అన్నాను."

దాలమ్మ కిసుక్కున నవ్వింది. పద్మకుమారి అత్తగారి వైపు చూసిన చూపుకి ఆవిడ నవ్వు కొంగులో దాచుకుంది.

నాగేంద్రబాబు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆయన తండ్రి ఆవిరి ఇంజన్లో బొగ్గు వేసిన ఫైర్‌మన్. నైట్ మెయిల్ సీసా మీద పొగ చిమ్ముతూ వస్తున్న నల్ల ఇంజన్ బొమ్మ ఉంటుంది. అది తన తండ్రి ఎక్కిన ఇంజనేనని ఆయన నమ్మకం. హవేలీదార్ మీదేమో కోట ముందు గుర్రమెక్కిన మీసాల పెద్దమనిషి ఉంటాడు. తాగినా తాగకపోయినా ఆ మీసాల మనిషిని చూస్తే పోలరాజుకి తండ్రి ఫోటో చూసినట్టే ఉంటుంది. షాపు ముందు ఇద్దరూ అరుచుకుంటుంటే, వెనక వరసలో వాళ్ళు "చాచాజీ, కాస్త పక్కకెళ్ళి కొట్టుకోండి" అని హిందీలో బతిమాలారట. పక్కకి వెళ్ళలేదు. నాగేంద్రబాబు తన సీసా తను కొనుక్కుని, ఆటో ఎక్కి నేరుగా జుగ్సలాయి తన ఇంటికి వెళ్ళిపోయాడు.

శైలజ ఫోను పట్టుకుని డాబా మీదికి వెళ్ళింది.

నాగేంద్రబాబు కొడుకు కిషోర్, శైలజ సాక్చిలో ఒకే కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షకి చదివారు. ఇద్దరూ తప్పారు. ఆ తప్పడంలోనే స్నేహం కుదిరింది. తర్వాత అతను టాటానగర్‌లో రైలింజన్ నడిపే అసిస్టెంట్ లోకో పైలట్ అయ్యాడు, ఆమెకి కెమిస్టు ఉద్యోగం వచ్చింది. రెండిళ్ళనీ ఒప్పించడానికి కిషోర్ తన తల్లికి, శైలజ తన నానమ్మకి ఎంత సేవ చేశారో వాళ్ళకే తెలుసు. శైలజ వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఇంట్లో మాట జవదాటి ఎరగదు. నాన్న కాదంటే ఏం చెయ్యాలో ఆమె ఎప్పుడూ ఆలోచించుకోలేదు, ఆలోచిస్తే ఏడుపొస్తుందని.

"పాపా మాన్ నహీ రహే," అన్నాడు కిషోర్, వాళ్ళ నాన్న వినడం లేదని. "నైట్ మెయిల్ అయితేనే వస్తానంటున్నారు. మా అమ్మ మాత్రం చీర కొనేశాను, మీరు రాకపోతే నేనే వెళ్ళి తాగి మాట కలుపుకొస్తానంటోంది."

"నవ్వకు కిషోర్."

"నవ్వడం లేదు యార్. కానీ శైలూ, ఆ రెండు మందులూ తయారయ్యేది మీ దగ్గరే కదా? బతా దో న ఉన్‌కో, చెప్పెయ్ వాళ్ళకి. అది విన్నాక కూడా కొట్టుకుంటారా?"

అతను చెప్పింది నిజమే.

ఆమె పనిచేసేది ఆదిత్యపూర్ దాటాక ఉన్న, మందు సీసాల్లో నింపే ఒక బాట్లింగ్ ప్లాంటులో. అక్కడ మందు కాచే బట్టీ లేదు. హవేలీదార్ కంపెనీకి కోటా లేదు, గుర్రమూ లేదు. ఢిల్లీలో ఒక ఆఫీసుంది. నైట్ మెయిల్ కంపెనీకి కోల్‌కతాలో ఇంకో ఆఫీసు. ఈ రెండు కంపెనీలూ సొంతంగా ఒక్క చుక్క కాచిన పాపాన పోలేదు. ఛత్తీస్‌గఢ్ వైపు వేరే ఎవరిదో డిస్టిలరీ ఉంది. అక్కడ నూకలు ఉడకబెట్టి, పులియబెట్టి, కాచి తీసిన స్పిరిట్ ట్యాంకర్లో వస్తుంది. గేటు దగ్గర ఎక్సైజు సీలు విప్పి శాంపిల్ ల్యాబుకి తెస్తారు. శైలజ పరీక్ష చేసి సరే అంటే అదంతా ఒకే పెద్ద ట్యాంకులోకి పోతుంది. అక్కడినుంచి ఒక పైపు ఎడమకి, ఒక పైపు కుడికి. ఎడమ లైనులో గుర్రం లేబులు అతుక్కుంటుంది, కుడి లైనులో ఇంజన్ లేబులు.

ఇందులో మోసం ఏమీ లేదు. ఎన్నో బ్రాండ్లు అలాగే నడుస్తాయి. ఎక్కడ నింపారో సీసా వెనక చీమ తలంత అక్షరాల్లో రాసే ఉంటుంది. అయినా ప్లాంటు సంగతులు బయట మాట్లాడటం శైలజకి అలవాటు లేదు. మేనేజరు వద్దని చెప్పాడని కాదు, జీతమిచ్చేవాళ్ళ ఇంటి సంగతి వీధిలో చెప్పకూడదని ఆమె లెక్క. కానీ సీసా మీద అచ్చేసినదాన్ని చదివి వినిపిస్తే తప్పేముంది?

"చెప్తాను," అంది చివరికి. "మావయ్యని మాత్రం ఎలాగైనా తీసుకురా."

ఆదివారం పొద్దున్నే వాళ్ళు వచ్చారు. ముందు కిషోర్, వెనక పళ్ళెం పట్టుకుని తల్లి నూకమ్మ, ఆ వెనక నాగేంద్రబాబు. పెళ్ళిచూపులకి ఇస్త్రీ చేయించిన చొక్కానే తొడుక్కున్నాడు. చంకలో మాత్రం నైట్ మెయిల్ సీసా, పసిపిల్లని ఎత్తుకున్నట్టు.

"రండి వదినా, రండి," అంది పద్మకుమారి.

"వచ్చాం వదినా. ఈయన్ని తేవడం కంటే గూడ్సు బండి తొయ్యడం నయం," అంది నూకమ్మ.

పోలరాజు గోడవైపు చూస్తూ "కూర్చోమను" అన్నాడు. నాగేంద్రబాబు సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తూ "నిలబడే ఉంటానని సెప్పు" అన్నాడు. ఇద్దరి మధ్యా బల్ల మీద రెండు సీసాలు. మీసాల పెద్దమనిషి గుర్రం ఇంజన్ కిందికి పోయేలా ఎదురెదురుగా నిలబడ్డాయి.

శైలజ గొంతు సవరించుకుంది. రాత్రంతా మాటలు కూర్చుకుంది గాని, తీరా నోరు తెరిస్తే అన్నీ ఒకేసారి వచ్చేశాయి.

"నాన్నా, మావయ్యా, మీరు కొట్టుకోవాల్సిన పని లేదు. ఈ రెండూ ఒకటే. రెండూ మా ప్లాంటులోనే నింపుతాం. ఒకే ట్యాంకర్ స్పిరిట్. కావాలంటే సీసా వెనక చూడండి, ఒకటే అడ్రసుంటుంది. ఆ కోట లేదు, ఆ రైలూ లేదు."

కిషోర్ రెండు సీసాలూ తిప్పి గట్టిగా చదివాడు. ఒకటే అడ్రసు.

ఇద్దరూ నవ్వేసి వాటేసుకుంటారని శైలజ అనుకుంది. పోలరాజు గోడని వదిలి కూతురి వైపు తిరిగాడు. నాగేంద్రబాబు ఫ్యాన్‌ని వదిలి అటే తిరిగాడు.

"ఏటన్నావు?" అన్నాడు పోలరాజు. "ఇన్నేళ్ళూ మా నాన్న తాగింది, నేను ఆయన పేరు మీద పోసింది, ఈ రైలు మందేనా?"

"రైలు మందని తేలిగ్గా అనీకు బావా," అన్నాడు నాగేంద్రబాబు. అని, శైలజ వైపు వేలు చూపించాడు. "అయినా ఈ గుంట మాటలేటి? నాలుకనేది నాకు నేదేటి? ముప్పై ఏళ్ళ నాలుక ఇది!"

"అదే నేనూ అంతన్నాను బావా! సదివించినాం, మంచిదే. సదువుకుంది కదా అని మన నోట్లో రుచి కూడా అదే సెప్తాదా?"

"రేపు ఉప్పూ పంచదారా ఒకటే అంతాది."

"రెండూ తెల్లగానే ఉంటాయి కదా నాన్నా అంతాది!"

నిన్నటినుంచి మొదటిసారి ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకున్నారు. అయితే అది శైలజ మీద యుద్ధానికి. ఆమె కిషోర్ వైపు చూసింది. కిషోర్ నేల వైపు చూస్తున్నాడు, భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడని ఆమెకి తెలుసు.

"అంత ధీమా ఉంటే తాగి సెప్పండర్రా," అంది దాలమ్మ. "పద్మా, స్టీలు గ్లాసులు తే. నాకు లేబులు కనపడదు, కనపడినా సదవలేను. నేనే పోత్తాను."

దాలమ్మ రెండు సీసాలూ వంటింట్లోకి తీసుకెళ్ళింది. గుమ్మానికి అడ్డంగా నూకమ్మ నిలబడింది. కిషోర్ తొంగి చూడబోతే వీపు మీద ఒకటి చరిచింది. కాసేపటికి నాలుగు గ్లాసులు వచ్చాయి, ఒక్కొక్కరికీ రెండు. ఏది ఏదో దాలమ్మకే గుర్తు.

పోలరాజు మొదటి గ్లాసు ఎత్తాడు. చప్పరించాడు. రెండోది చప్పరించాడు. మళ్ళీ మొదటిది. "ఇది కాదు. ఇది మాది," అని రెండోది ముందుకి జరిపాడు. నాగేంద్రబాబు గార్డు జెండా ఊపినంత ఠీవిగా మొదటి గ్లాసు వాసన చూసి, "ఇదే మా మెయిల్," అన్నాడు. రెండోది తాగి, "ఇది గుర్రం," అన్నాడు.

"ఇద్దరూ సరిగ్గా సెప్పినారు," అంది దాలమ్మ.

శైలజ ఒక్కో గ్లాసూ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకదాంట్లో మాడిన పంచదార వాసన ముందొస్తుంది, వెనకాల కాస్త పొగ. అది నైట్ మెయిల్. ఇంకోదాంట్లో ఎండుద్రాక్ష లాంటి తీపి. అది హవేలీదార్. ఆమెకి సిగ్గేసింది. తెలియక కాదు. పైపులోంచి వచ్చినప్పుడు రెండూ ఒకటే. ఆ తర్వాత దేంట్లో రుచికి ఏ మాల్టు ఎంత, రంగు ఎంత, నీళ్ళు ఎంత అని కొలిచి కలిపేది ఆమే. పోయిన వేసవిలో ఒక బ్యాచ్‌లో పొగ వాసన తగ్గిందని లైను ఆపించి ప్రొడక్షన్ వాళ్ళ చేత తిట్లు తిన్నది కూడా ఆమే. పొద్దున్నించి సాయంత్రం దాకా తన పని ఆ రెండూ ఒకటి కాకుండా చూడటమే. అలాంటిది ఇంట్లో తగువు తీరుతుంది కదా అని రెండూ ఒకటే అనేసింది.

"తప్పే నాన్నా," అంది. "స్పిరిట్ ఒకటే. మందు వేరు. మీ నాలుకలు కరెక్టే."

తండ్రులిద్దరి మొహాలూ వెలిగిపోయాయి. ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు. తట్టుకున్న చేతులు గాల్లో ఉండగానే ఇద్దరికీ ఒకేసారి విషయం తట్టింది.

"అయితే మరి మా నాన్నకి హవేలీదారే పొయ్యాలి కదా," అన్నాడు పోలరాజు నెమ్మదిగా.

"మా నాన్నకి నైట్ మెయిలే. ఇప్పుడు రుజువు కూడా అయిపోనాది," అన్నాడు నాగేంద్రబాబు.

మళ్ళీ ఒకరు గోడకీ, ఒకరు ఫ్యాన్‌కీ తిరిగారు. వంటింట్లో పులిహోర చల్లారిపోతోంది. పద్మకుమారి పసుపూ కుంకుమా పళ్ళెం ఎత్తింది, దించింది. నూకమ్మ కొత్త చీర మడత సర్దింది, మళ్ళీ సర్దింది. శైలజ తను కాపాడదామనుకున్న పనికి తనే ఎసరు పెట్టింది. నిన్నటిదాకా వాళ్ళ దగ్గర ఉన్నది పట్టుదల ఒక్కటే. ఇప్పుడు దానికి సాక్ష్యం కూడా చేతికిచ్చింది.

"ఎవరి పెద్దలకి వాళ్ళది పోసేసి, గ్లాసులోకి మాత్రం ఏదో ఒకటి..." అన్నాడు కిషోర్.

"ఏదో ఒకటంటే ఏది?" అన్నారు ఇద్దరూ.

కిషోర్ కూర్చున్నాడు.

"ఒలే శైలూ," అంది దాలమ్మ, "నీ ఉద్దోగం ఏటన్నావు?"

"కలపడం మామ్మా."

"మరి కలపవేటి?"

శైలజ కళ్ళు తుడుచుకుని రెండు సీసాల వైపు చూసింది. "బాగోదు మామ్మా. దేనికది సరిపోయేలా చేసినవి. రెండూ కలిస్తే ఏదీ కాకుండా పోతాది."

"బాగుండమని ఎవులడిగినారు? ఒక గ్లాసులో ఇద్దరూ తాగాలన్నారు గాని, తాగి లొట్టలెయ్యాలని పెద్దోళ్ళు సెప్పినారేటి?"

తండ్రులు ఒకరినొకరు ఓరగా చూసుకున్నారు. ఎవరూ కాదనలేదు. కాదంటే దాలమ్మతో పెట్టుకోవాలి.

ముందు పోలరాజు హవేలీదార్ మూతతో తండ్రి పోలయ్య పేరు చెప్పి గడప పక్కన పోశాడు. నాగేంద్రబాబు నైట్ మెయిల్ మూతతో తన తండ్రికి పోశాడు. తర్వాత శైలజ పెద్ద గ్లాసు తీసుకుంది. ల్యాబులో చేసినట్టే కంటి ఎత్తులో పట్టుకుని, సగం గుర్రం, సగం ఇంజన్ పోసింది. తిప్పింది. వాసన చూసి, అనుకోకుండా మొహం పక్కకి తిప్పుకుంది.

పోలరాజు ఒక గుక్క తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. అలాగే గ్లాసు అందించాడు. నాగేంద్రబాబు ఒక గుక్క తాగాడు. ఆయన మీసం రెండు వైపులా వంకర తిరిగింది.

"ఛీ!" అన్నారు ఇద్దరూ.

"ఇదేటి బావా, కిరసనాయిలా?"

"కిరసనాయిలు నయం బావా. మా గార్డు లాంపు నూనె కూడా ఇలాగుండీది కాదు!"

"నా జనమలో ఇంత అన్యాయమైన మందు తాగనేదు."

"నేనూ అదే మాట. సరిగ్గా అదే మాట!"

"అయిపోనాది," అంది దాలమ్మ, గోడకి ఆనుకుంటూ. "ఇద్దరూ ఒకే గ్లాసు తాగినారు, ఒకే మాట సెప్పినారు. ఇంకేటి కావాలి? పద్మా, పళ్ళెం తే."

ముందు నవ్వింది నూకమ్మ. తర్వాత పోలరాజు. నాగేంద్రబాబు నవ్వకూడదని గట్టిగా పట్టుకున్నాడు గాని, పొట్ట కదలడం ఆగలేదు. చివరికి ఆయనే పోలరాజు భుజం మీద చెయ్యి వేశాడు.

"మా నాన్నా మీ నాన్నా పైన కలుసుకుని ఈపాటికి మనల్నే తిడతన్నారు బావా."

"తిట్టనీ. తిట్టుకుంటూ కాలచ్చేపం చేత్తారు."

ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని, నోరు కడుక్కోవడానికి మంచినీళ్ళు అడిగారు. కిషోర్ పరుగెత్తి తెచ్చాడు. ఆ తొందరలో సగం నీళ్ళు కాబోయే మామగారి పంచె మీద పోశాడు. ఎవరూ పట్టించుకోలేదు.

పద్మకుమారి కూతుర్ని పీట మీద కూర్చోబెట్టింది. నూకమ్మ ఎదురుగా కూర్చుని, కుంకుమ బొట్టు పెట్టి, తమలపాకులు, చీర, పళ్ళూ ఆమె చేతుల్లో పెట్టబోయి ఆగింది. శైలజ చేతులు గుప్పున విస్కీ వాసన వేస్తున్నాయి.

"అయ్యో, ఉండండి వదినా, చెయ్యి కడుక్కుని వస్తుంది," అని పద్మకుమారి కంగారుపడింది.

"ఎందుకు వదినా?" అంది నూకమ్మ. ఆమె శైలజ రెండు చేతులూ దగ్గరికి తీసుకుని, తాంబూలం అందులో ఉంచి మూసింది. "అది కోడలి ఉద్యోగం వాసన. మా ఇంట్లో ఇన్నాళ్ళూ బొగ్గు వాసన ఉండేది, డీజిలు వాసన ఉండేది. ఇదీ ఉంటాది."

శైలజ తలొంచుకుని తాంబూలం కళ్ళకద్దుకుంది. వెనకాల మంచం మీద ఇద్దరు తండ్రులూ, పెళ్ళిలో మాత్రం అమ్మాయిని ఏదీ కలపనివ్వకూడదని గట్టిగా ఒప్పందం చేసుకుంటున్నారు.